విదేశీ అప్పు: నష్టం వచ్చినప్పుడు ఎవరి వంతు ఎంత?

2023లో అభివృద్ధి చెందుతున్న దేశాలన్నీ కలిసి విదేశీ అప్పుల మీద అసలు, వడ్డీల కింద 1.4 లక్షల కోట్ల డాలర్లు కట్టాయని ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. అందులో వడ్డీయే సుమారు 40,600 కోట్ల డాలర్లు. 2022 నుంచి 2024 వరకు మూడేళ్లలో ఈ దేశాల చేతికి కొత్తగా అందిన అప్పు కంటే అవి తిరిగి కట్టిన సొమ్ము 74,100 కోట్ల డాలర్లు ఎక్కువ. పెట్టుబడి మిగులు ఉన్న చోటి నుంచి కొరత ఉన్న చోటికి వెళ్లాలన్న ఆలోచనతోనే అభివృద్ధి రుణాలు మొదలయ్యాయి. ఆ మూడేళ్లూ డబ్బు ఎదురు దిశలో నడిచింది.

ఈ వార్తలు చదివేవారికి సహజంగా ఒక సందేహం వస్తుంది. జపాన్ ప్రభుత్వ అప్పు ఆ దేశ జీడీపీకి రెండింతలకు పైమాటే. అయినా ఆ ప్రభుత్వం వాయిదా ఎగ్గొడుతుందని ఎవరూ భయపడరు. ఇథియోపియా ప్రభుత్వ అప్పు జీడీపీలో సగం కూడా లేదు. అదే దేశం 2023 డిసెంబరులో 3.3 కోట్ల డాలర్ల వడ్డీ వాయిదా దగ్గర ఆగిపోయింది. అప్పు ఎంత ఉందన్న లెక్క ఒక్కటే చూస్తే ఈ తేడా అర్థం కాదు.

క్లుప్తంగా

విదేశీ అప్పు ఏ కరెన్సీలో ఉంది, ఎప్పుడు కట్టాలి, ఎవరికి కట్టాలి అన్న మూడు విషయాలను బట్టి దాని భారం మారుతుంది. అమెరికా వడ్డీ రేట్లు, డాలరు విలువ, ముడి సరుకుల ధరలు, తుపానులు వంటివి అప్పు తీసుకున్న దేశం చేతిలో ఉండవు. కానీ వాటివల్ల వచ్చే నష్టం దాదాపు మొత్తం ఆ దేశం మీదే పడుతుంది. దేశాలకు దివాలా చట్టం లేకపోవడంతో నష్టాన్ని పంచుకునే చర్చలు ఏళ్ల తరబడి సాగుతాయి. పాలకుల తప్పులు కూడా ఇందులో నిజమే, అయితే కథంతా అదే కాదు.

సొంత కరెన్సీలో పన్ను, డాలర్లలో వాయిదా

ఏ ప్రభుత్వమైనా పన్నులు తన కరెన్సీలోనే వసూలు చేస్తుంది. విదేశీ అప్పు వాయిదాలు మాత్రం ఎక్కువగా డాలర్లలో ఉంటాయి. కాబట్టి ప్రభుత్వం ముందు బడ్జెట్‌లో ఆ మేరకు సొమ్ము మిగుల్చుకోవాలి, తర్వాత దాన్ని డాలర్లుగా మార్చుకోవాలి. మొదటి పని కష్టమైనదే గాని ప్రభుత్వం చేతిలో ఉన్నది. రెండోది అలా కాదు. డాలర్లు ఎగుమతుల వల్ల రావాలి, పర్యాటకుల వల్ల రావాలి, విదేశాల్లో పనిచేసేవాళ్లు ఇంటికి పంపే డబ్బు రూపంలో రావాలి. ఇవేవీ చాలకపోతే మరో అప్పు పుట్టాలి. జపాన్ తన అప్పు యెన్‌లలో తీసుకుంటుంది, యెన్‌లను ముద్రించేది ఆ దేశ కేంద్ర బ్యాంకే. ఇథియోపియా డాలర్లను ముద్రించలేదు. 2023లో ఆ దేశం దగ్గరున్న విదేశీ మారక నిల్వలు కొన్ని వారాల దిగుమతులకు మించి లేవు.

మారకం విలువ ఎంత దెబ్బ తీస్తుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. డాలరుకు 200 శ్రీలంక రూపాయలున్నప్పుడు 100 కోట్ల డాలర్ల అప్పు తీర్చాలంటే 20,000 కోట్ల రూపాయలు కావాలి. 2022లో కొద్ది నెలల్లోనే డాలరు 360 రూపాయల దాకా వెళ్లింది. అదే అప్పుకు ఇప్పుడు 36,000 కోట్లు కావాలి. కొత్తగా ఒక్క డాలరు కూడా అప్పు చేయలేదు, బరువు మాత్రం ఎనభై శాతం పెరిగింది. ఇండోనేషియాలో 1997 మధ్యలో డాలరుకు సుమారు 2,400 రుపియాలు ఉండేవి. ఏడాది తిరిగేసరికి అది 15,000 దాటిపోయింది. అక్కడ డాలర్లలో అప్పు చేసింది ఎక్కువగా ప్రైవేటు కంపెనీలు, బ్యాంకులు. చివరికి ఆ నష్టంలో పెద్ద భాగం ప్రభుత్వ ఖజానా నెత్తిన పడింది.

ఈ దెబ్బలు విడివిడిగా రాకపోవడం ఇంకా పెద్ద సమస్య. జాంబియా ఎగుమతుల ఆదాయంలో అత్యధిక భాగం రాగి నుంచే వస్తుంది. రాగి ధర పడిపోతే దేశంలోకి వచ్చే డాలర్లు తగ్గుతాయి. డాలర్లు తగ్గితే అక్కడి కరెన్సీ క్వాచా విలువ పడుతుంది. గనుల నుంచి పన్నులూ తగ్గుతాయి. సరిగ్గా అప్పుడే, అప్పు తీర్చే శక్తిని అంచనా వేసే రేటింగ్ సంస్థలు ఆ దేశం స్థాయిని తగ్గిస్తాయి, కొత్త అప్పు మీద వడ్డీ పెరుగుతుంది. గోరుచుట్టుపై రోకలిపోటు అన్నట్టు, కట్టే శక్తి తగ్గిన సమయంలోనే కట్టాల్సిన మొత్తం పెరుగుతుంది.

పేద దేశాలకు ఇచ్చే అప్పు మీద వడ్డీ ఎక్కువ ఉండటానికి రుణదాతలు చెప్పే కారణం రిస్కు. డబ్బు తిరిగి రాకపోయే ప్రమాదం ఉంది కాబట్టి దానికి ధర వసూలు చేస్తున్నామంటారు. ఆ వాదనలో తప్పు లేదు. కానీ రిస్కుకు ధర ఏళ్లపాటు ముందే తీసుకున్నవాళ్లు, ఆ ప్రమాదం నిజంగా వచ్చినప్పుడు తమ వంతు నష్టం భరించాలి కదా. విదేశీ అప్పుల చరిత్రలో ఎక్కువ గొడవలన్నీ ఈ ఒక్క చోటే మొదలవుతాయి.

1982: వడ్డీ రేటు నిర్ణయం ఒక చోట, దెబ్బ మరో చోట

1973-74లో చమురు ధర దాదాపు నాలుగింతలైంది. చమురు ఎగుమతి చేసే దేశాలకు ఒక్కసారిగా డాలర్లు కుప్పలుగా వచ్చాయి. వాటిని న్యూయార్క్, లండన్ బ్యాంకుల్లో దాచుకున్నాయి. డిపాజిట్ల మీద వడ్డీ ఇవ్వాలంటే బ్యాంకులు ఆ డబ్బును ఎవరికో ఒకరికి అప్పివ్వాలి. అప్పట్లో వేగంగా ఎదుగుతూ, పెట్టుబడి కోసం చూస్తున్న మెక్సికో, బ్రెజిల్, అర్జెంటీనా వాటికి మంచి ఖాతాదారులుగా కనిపించాయి. దేశాలు దివాలా తీయవన్న నమ్మకం బ్యాంకర్లలో బలంగా ఉండేది. అయితే ఆ అప్పుల్లో చాలావాటికి స్థిరమైన వడ్డీ లేదు. లండన్ మార్కెట్ రేటును బట్టి కొన్ని నెలలకోసారి వడ్డీ మారేలా ఒప్పందాలు రాసుకున్నారు. అంటే వడ్డీ రేటు పెరిగితే వచ్చే నష్టాన్ని బ్యాంకులు తమ మీద ఉంచుకోకుండా మొదటి రోజే అప్పు తీసుకున్నవాళ్ల మీదికి నెట్టేశాయి.

1979లో పాల్ వోల్కర్ అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ అయ్యారు. తమ దేశంలో ధరల పెరుగుదలను అణచడానికి ఆయన వడ్డీ రేట్లను 20 శాతం దరిదాపులకు వెళ్లనిచ్చారు. అమెరికాకు అది అవసరమైన మందే కావచ్చు. ఆ నిర్ణయంలో లాటిన్ అమెరికాకు ఎలాంటి పాత్రా లేదు. అయినా వడ్డీ భారం పెరిగింది, డాలరు బలపడింది, అమెరికాలో మాంద్యం వల్ల ముడి సరుకుల ధరలు పడిపోయాయి. 1982 ఆగస్టులో మెక్సికో ఇక వాయిదాలు కట్టలేనని ప్రకటించింది. అప్పటికి దాని విదేశీ అప్పు సుమారు 8,000 కోట్ల డాలర్లు. ఆ తర్వాత వరసగా చాలా దేశాలు అదే దారి పట్టాయి.

తర్వాతి ఏడేళ్లు జరిగిన తీరును ఇప్పటికీ గుర్తుంచుకోవాలి. అమెరికా పెద్ద బ్యాంకులు ఈ దేశాలకు ఇచ్చిన అప్పులు వాటి సొంత మూలధనాన్ని మించిపోయాయి. ఆ అప్పులు తిరిగి రావని ఒప్పుకుంటే బ్యాంకులే కూలిపోతాయి. అందుకని పాత వడ్డీ కట్టడానికి కొత్త అప్పులిచ్చారు, దానికి బదులుగా అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) పర్యవేక్షణలో ఖర్చులు కోయించారు. ఈలోగా బ్యాంకులు నష్టాలను తట్టుకునేలా నిధులు పక్కన పెట్టుకున్నాయి. మొత్తం అప్పు వసూలు కాదన్న నిజాన్ని ఒప్పుకుని, కొంత కోసి మిగిలినదాన్ని కొత్త బాండ్లుగా, అంటే మార్కెట్లో కొని అమ్మగల అప్పు పత్రాలుగా, మార్చే పద్ధతి 1989లో అమెరికా ఆర్థిక మంత్రి నికొలస్ బ్రేడీ పేరుతో వచ్చింది. బ్యాంకులకు దొరికిన ఆ ఏడేళ్ల గడువు ఖరీదును లాటిన్ అమెరికా ప్రజలు కట్టారు. 1990లో ఆ ప్రాంతపు తలసరి ఆదాయం 1980 నాటి కంటే తక్కువగా ఉంది.

అప్పిచ్చేవాళ్లు మారిపోయారు

పాత రోజుల్లో పేద దేశాలకు అప్పిచ్చేది ఎక్కువగా ధనిక దేశాల ప్రభుత్వాలు, ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలు. కట్టలేని పరిస్థితి వస్తే ప్రభుత్వాలన్నీ పారిస్ క్లబ్ అనే వేదిక మీద కూర్చుని మాట్లాడుకునేవి. 1956లో అర్జెంటీనా అప్పుల కోసం మొదలైన ఆ క్లబ్‌లో నేటికీ ఎక్కువగా పాశ్చాత్య దేశాలే ఉన్నాయి.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అమెరికా, యూరప్‌లలో వడ్డీ రేట్లు సున్నా దగ్గరికి దిగాయి. కాస్త ఎక్కువ రాబడి కోసం వెతుకుతున్న పెట్టుబడి నిధులు ఆఫ్రికా, ఆసియా దేశాల డాలరు బాండ్లు కొనడం మొదలుపెట్టాయి. జాంబియా 2012లో తొలిసారి బాండ్లు అమ్మినప్పుడు వడ్డీ 5.375 శాతమే. అదే సమయంలో చైనా ప్రభుత్వ బ్యాంకులు రోడ్లు, రేవులు, రైలు మార్గాలకు భారీగా అప్పులిచ్చాయి. ఈ రెండు దారులూ ప్రభుత్వాలకు నచ్చాయి, ఎందుకంటే ఐఎంఎఫ్ లాగా ఇవి విధానపరమైన షరతులు పెట్టవు, డబ్బు త్వరగా వస్తుంది.

ఇబ్బంది గడువులో ఉంది. ప్రపంచ బ్యాంకు పేద దేశాలకు ఇచ్చే రాయితీ రుణాన్ని ముప్పై, నలభై ఏళ్లలో కొంచెం కొంచెంగా తీర్చవచ్చు. పదేళ్ల బాండు అలా కాదు. పదేళ్లూ వడ్డీ కట్టాక, అసలు మొత్తం ఒకే రోజు ఇవ్వాలి. ఏ పేద దేశమూ ఆ రోజుకు అంత డబ్బు దాచి ఉంచలేదు. కొత్త బాండు అమ్మి పాతది తీర్చాలి. కాబట్టి ఆ రోజున మార్కెట్ ఎలా ఉందన్నదే ఆ దేశం తలరాతను నిర్ణయిస్తుంది.

కెన్యా సంగతి దీనికి మంచి ఉదాహరణ. 2014లో 6.875 శాతం వడ్డీకి 200 కోట్ల డాలర్ల పదేళ్ల బాండు అమ్మింది. 2024 జూన్‌లో అది తీర్చాలి. ఈలోగా అమెరికా వడ్డీ రేట్లు మళ్లీ పెరిగాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో కెన్యా 9.75 శాతానికి 150 కోట్ల డాలర్ల కొత్త బాండు అమ్మి, ఆ డబ్బుతో పాతదాన్ని చాలావరకు ముందే కొనేసింది. గండం గడిచిందని మార్కెట్లు ఊపిరి పీల్చుకున్నాయి. కానీ ఈ లావాదేవీతో కెన్యాలో కొత్తగా ఒక్క రోడ్డు వేయలేదు, ఒక్క ఆస్పత్రి కట్టలేదు. పాత అప్పే ఎక్కువ వడ్డీతో కొనసాగింది, అంతే.

శ్రీలంక: చివరి దాకా కట్టిన దేశం

శ్రీలంక పతనానికి ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. చైనా అప్పుల ఉచ్చు అన్న మాట బాగా వినిపిస్తుంది. హంబన్‌తోట రేవును 2017లో 112 కోట్ల డాలర్లకు 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీకి ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ డబ్బు రేవు కోసం చేసిన అప్పు రద్దుకు బదులుగా రాలేదు, డాలర్ల కొరత తీర్చుకోవడానికి వచ్చింది. ఆ కొరతకు ప్రధాన కారణం అంతర్జాతీయ బాండ్లు. 2007లో తొలి బాండు అమ్మిన శ్రీలంక, పదిహేనేళ్లు తిరగకుండానే తన ప్రభుత్వ విదేశీ అప్పులో మూడో వంతుకు పైగా బాండ్లలోకి మార్చుకుంది.

సొంత తప్పులూ తక్కువేం కాదు. 2019 చివర్లో కొత్త ప్రభుత్వం అమ్మకాల మీద వేసే వ్యాట్ పన్నును 15 నుంచి 8 శాతానికి తగ్గించి ఖజానాను ఖాళీ చేసుకుంది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించి పంటలను దెబ్బతీసింది. వీటికి తోడు 2019 ఈస్టర్ బాంబు దాడులు, ఆపై కోవిడ్ కలిసి పర్యాటకాన్ని పడగొట్టాయి. 2020లో రేటింగ్ తగ్గడంతో కొత్త బాండ్లు అమ్మే దారి మూసుకుపోయింది. చెల్లింపులు ఆపి పునర్వ్యవస్థీకరణ, అంటే అప్పు మొత్తాన్నో గడువునో సవరించడం, అడగాలని అప్పటికే చాలామంది ఆర్థికవేత్తలు సూచించారు. ప్రభుత్వం వినలేదు.

2022 జనవరిలో, నిల్వలు అడుగంటుతున్న వేళ, శ్రీలంక 50 కోట్ల డాలర్ల బాండును చెప్పిన తేదీకి చెప్పినట్టు పూర్తిగా తీర్చింది. మూడు నెలలు గడవకముందే పెట్రోలుకు, వంటగ్యాసుకు, మందులకు డాలర్లు లేకుండా పోయాయి. ఏప్రిల్ 12న సుమారు 5,100 కోట్ల డాలర్ల విదేశీ అప్పు మీద చెల్లింపులు ఆపుతున్నట్టు ప్రకటించింది. మేలో వాడుకోదగ్గ నిల్వలు 5 కోట్ల డాలర్లకన్నా తక్కువని ఆర్థిక మంత్రి పార్లమెంటుకు చెప్పారు. జనవరిలో కట్టిన ఆ 50 కోట్లు చేతిలో ఉంటే సంక్షోభం తప్పేది కాదు, కానీ కొన్ని నెలల మందులు, ఇంధనం వచ్చేవి. చెల్లింపుల విషయంలో మొండిగా నిలబడటం బాధ్యత అనిపించుకుంటుంది. శ్రీలంకలో దాని ఫలితం మాత్రం బాండ్లు పట్టుకున్నవాళ్లకు పూర్తి సొమ్ము, క్యూల్లో నిలబడ్డవాళ్లకు శూన్యం.

దేశాలకు దివాలా చట్టం లేదు

ఒక కంపెనీ అప్పులు తీర్చలేకపోతే కోర్టుకు వెళ్తుంది. వసూళ్లు ఆగుతాయి, ఉన్న ఆస్తులు, రాబడి లెక్కేస్తారు, రుణదాతలకు ఎవరి వంతు ఎంతో ఒక క్రమం ప్రకారం తేలుస్తారు. ఇష్టం లేని రుణదాత కూడా ఆ తీర్పుకు కట్టుబడాలి. దేశాలకు అలాంటి కోర్టు లేదు. 2001లో ఐఎంఎఫ్ ఉన్నతాధికారి ఆన్ క్రూగర్ అలాంటి ఏర్పాటు ఒకటి ప్రతిపాదించారు. అమెరికా ఒప్పుకోలేదు. వడ్డీలు పెరుగుతాయన్న భయంతో అప్పులు తీసుకునే మెక్సికో, బ్రెజిల్ వంటి దేశాలూ మద్దతివ్వలేదు. 2003లో అది అటకెక్కింది.

ఆ ఖాళీని కోర్టు కేసులు నింపాయి. విదేశీ బాండ్లలో చాలావాటికి న్యూయార్క్ లేదా ఇంగ్లండ్ చట్టం వర్తిస్తుంది. రుమేనియాకు జాంబియా బాకీ ఉన్న పాత అప్పును 1999లో డోనెగల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ సుమారు 33 లక్షల డాలర్లకు కొనుక్కుని, తర్వాత లండన్‌లో దావా వేసింది. 2007లో దానికి సుమారు 1.55 కోట్ల డాలర్లు ఇవ్వాలని తేలింది. అప్పటికి జాంబియాకు మిగతా రుణదాతలు మాఫీ ఇచ్చారు. అంటే ఒకరు వదులుకున్న సొమ్ము మరొకరి లాభంగా మారింది. బ్రిటన్ 2010లో చట్టం చేసి, నిరుపేద దేశాల మీద ఇలాంటి వసూళ్లకు తన కోర్టుల్లో హద్దు పెట్టింది.

అర్జెంటీనా అనుభవం ఇంకా పెద్దది. 2001లో చెల్లింపులు ఆపాక, 2005, 2010లలో భారీ కోతతో కొత్త బాండ్లు ఇస్తామంటే సుమారు 93 శాతం మంది ఒప్పుకున్నారు. మిగిలినవాళ్లలో కొన్ని హెడ్జ్ ఫండ్లు (సంపన్నుల డబ్బుతో రిస్కు పెట్టుబడులు పెట్టే సంస్థలు) న్యూయార్క్ కోర్టుకు వెళ్లాయి. 2012లో అర్జెంటీనా నౌకాదళ శిక్షణ నౌక లిబర్తాద్‌ను ఘనా రేవులో ఆపించగలిగాయి. ఒప్పుకోనివాళ్లకు పూర్తిగా కట్టకుండా, ఒప్పుకున్నవాళ్లకు కూడా కట్టడానికి వీల్లేదని కోర్టు తీర్పిచ్చింది. 2016లో ఆ దేశం సుమారు 930 కోట్ల డాలర్లు ఇచ్చి వివాదం ముగించుకుంది. మెజారిటీ ఒప్పుకుంటే అందరూ కట్టుబడాలన్న నిబంధన ఇప్పుడు కొత్త బాండ్లలో మామూలైంది. బ్యాంకు రుణాలకు, పాత బాండ్లకు అది వర్తించదు.

ఇక చర్చలు ఎంత నెమ్మదో జాంబియా చూపింది. 2020 నవంబరులో అది 4.25 కోట్ల డాలర్ల వాయిదా కట్టలేకపోయింది. అదే నెలలో జీ20 దేశాలు చైనాను, పారిస్ క్లబ్‌ను ఒకే బల్ల దగ్గరకు తెచ్చేలా ‘కామన్ ఫ్రేమ్‌వర్క్’ ప్రకటించాయి. ప్రభుత్వ రుణదాతలతో సూత్రప్రాయ ఒప్పందానికి 2023 జూన్ వచ్చింది. ఆ ఏడాది నవంబరులో బాండుదారులతో కుదిరిన ఒప్పందాన్ని, తమతో సమానంగా కోత లేదంటూ ప్రభుత్వ రుణదాతలు తిరస్కరించారు. బాండ్ల సంగతి తేలేసరికి 2024 మధ్యకు చేరింది. ఇక్కడ తగువంతా నష్టంలో ఎవరి వాటా ఎంతన్నదే. చైనా బ్యాంకుల్లో దేన్ని ప్రభుత్వ సంస్థగా లెక్కించాలి, దేన్ని వ్యాపార సంస్థగా లెక్కించాలి అన్నదీ వివాదమే. ప్రపంచ బ్యాంకు కూడా నష్టంలో పాలుపంచుకోవాలా అన్నదీ వివాదమే. ఆ మూడున్నరేళ్లూ దేశంలోకి కొత్త పెట్టుబడి రాక మందగించింది.

మాఫీ వచ్చినా మళ్లీ ఎందుకు?

1996లో ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి అత్యధిక అప్పులున్న పేద దేశాల పథకం ప్రారంభించాయి. ‘జూబిలీ 2000’ ప్రజా ఉద్యమం ఒత్తిడితో 1999లో దాన్ని విస్తరించారు, 2005లో మరో మెట్టు ఎక్కించారు. మొత్తం 37 దేశాలకు 10,000 కోట్ల డాలర్లకు పైగా ఉపశమనం దక్కింది. ఇది చిన్న విషయం కాదు. తొలి లబ్ధిదారు ఉగాండా, మిగిలిన సొమ్మును ప్రాథమిక విద్య వంటి వాటికి ప్రత్యేక నిధిగా పెట్టింది.

ఘనాకు 2004లో, జాంబియాకు 2005లో ఈ మాఫీ పూర్తయింది. జాంబియా 2020లో, ఘనా 2022లో మళ్లీ చెల్లింపులు ఆపాయి. మాఫీ పాత బాకీని తుడిచింది గాని, బాకీ పుట్టే పరిస్థితిని మార్చలేదు. ఎగుమతులు మారలేదు: ఒకచోట రాగి, మరోచోట బంగారం, కోకో, చమురు. కొత్త అప్పులు మునుపటి కంటే ఖరీదైనవి, గడువు తక్కువ.

అప్పు చేసిన ప్రభుత్వాల తప్పును పక్కన పెట్టడం కూడా న్యాయం కాదు. మొజాంబిక్‌లో 2013-14లో ట్యూనా చేపల వేట, తీర రక్షణ పేరుతో సుమారు 200 కోట్ల డాలర్ల అప్పులకు ప్రభుత్వం పూచీ ఇచ్చింది. అందులో ఎక్కువ భాగం పార్లమెంటుకు గాని, ఐఎంఎఫ్‌కు గాని తెలియదు. 2016లో బయటపడగానే విదేశీ సాయం ఆగిపోయింది, కరెన్సీ కుప్పకూలింది. ఫిలిప్పీన్స్‌లో నియంత ఫెర్డినాండ్ మార్కోస్ పాలనలో కట్టిన బతాన్ అణు విద్యుత్ కేంద్రానికి సుమారు 230 కోట్ల డాలర్లు ఖర్చయింది. అది ఒక్క యూనిట్ కరెంటు ఇవ్వలేదు. దాని అప్పును ఫిలిప్పీన్స్ ప్రజలు 2007 దాకా కట్టారు. ఇలాంటి అప్పుల్లో సంతకం పెట్టిన పాలకుడికి ఎంత బాధ్యత ఉందో, డబ్బు ఎటు పోతుందో చూడకుండా ఇచ్చిన బ్యాంకుకూ అంతే ఉంది. కానీ వాయిదాలు కట్టేది ఆ ఇద్దరూ కారు.

ఎగ్గొట్టని దేశాల కథ

చెల్లింపులు ఆపిన దేశాలే వార్తల్లోకి వస్తాయి. అవి కొద్ది మాత్రమే. మిగతావి కడుతూనే ఉంటాయి, ఆ డబ్బు మరో పద్దు నుంచి వస్తుంది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2024 లెక్క ప్రకారం, ఆరోగ్యం మీదో విద్య మీదో పెట్టే ఖర్చు కంటే వడ్డీలకే ఎక్కువ చెల్లిస్తున్న దేశాల్లో 330 కోట్ల మంది ఉన్నారు. టీచర్ పోస్టు భర్తీ కాకపోతే, ఆస్పత్రికి మందులు సగమే వస్తే దాన్ని ఎవరూ డిఫాల్టు (ఎగవేత) అనరు. రేటింగ్ సంస్థల పుస్తకాల్లో ఆ దేశం మంచి ఖాతాదారుగానే ఉంటుంది. ఈ నిశ్శబ్ద కోత మీద ఇంకా ఎక్కువ చర్చ జరగాలి.

ఐఎంఎఫ్ షరతులు ఇక్కడే వస్తాయి. డాలర్లు ఎవరూ ఇవ్వని రోజున ఇచ్చేది ఆ సంస్థే, అది కాదనలేని సాయం. దానికి బదులు సాధారణంగా పన్నులు పెంచాలి, ఇంధన సబ్సిడీ తగ్గించాలి, కరెన్సీ విలువను మార్కెట్‌కు వదలాలి. లెక్క ప్రకారం అవి సరైనవే కావచ్చు. అన్నీ ఒకేసారి అమలు చేస్తే ధరలు పెరిగే రోజునే ఆదాయాలు తగ్గుతాయి. 2024 జూన్‌లో కెన్యాలో పన్నుల పెంపు బిల్లు మీద యువత వీధుల్లోకి వచ్చింది, ఆందోళనకారులు పార్లమెంటులోకి చొచ్చుకెళ్లారు, పదుల మంది చనిపోయారు. అధ్యక్షుడు రూటో బిల్లును వెనక్కి తీసుకున్నారు. ఆ వెంటనే రేటింగ్ సంస్థలు కెన్యా స్థాయిని తగ్గించాయి. పన్ను వేస్తే వీధుల్లో టెన్షన్, వేయకపోతే మార్కెట్‌లో టెన్షన్.

కాస్త నిలదొక్కుకున్నవి

1991లో భారత్ దగ్గర మూడు వారాల దిగుమతులకు కూడా చాలని నిల్వలు మిగిలాయి. సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. తర్వాతి దశాబ్దాల్లో స్వల్పకాలిక విదేశీ అప్పును అదుపులో ఉంచింది. ప్రభుత్వం తన అప్పులో అత్యధిక భాగం రూపాయల్లో, దేశంలోనే తీసుకుంటుంది. 2025 మార్చి చివరికి దేశం మొత్తం విదేశీ అప్పు సుమారు 73,600 కోట్ల డాలర్లు, అంటే జీడీపీలో 19 శాతం. అందులో ప్రభుత్వం వంతు నాలుగో వంతు లోపే. బ్రెజిల్ 2005లో ఐఎంఎఫ్ బాకీ 1,550 కోట్ల డాలర్లు గడువుకు ముందే తీర్చి, సొంత కరెన్సీలో అప్పు తీసుకునే మార్కెట్‌ను పెంచుకుంది.

ఈ దారికీ ఖర్చుంది. ఆపద కోసం దాచుకునే డాలర్లను తక్కువ వడ్డీ ఇచ్చే అమెరికా ప్రభుత్వ బాండ్లలో ఉంచాలి. అదే దేశం బయట చేసే అప్పుకు ఎక్కువ వడ్డీ కడుతుంది. ఆ తేడా ఏటా పోతూనే ఉండే బీమా ప్రీమియం లాంటిది. పెద్ద దేశీయ మార్కెట్, పొదుపు ఉన్నవాళ్లు దాన్ని భరించగలరు. చిన్న ద్వీప దేశాలకు, ఒకే సరుకు మీద ఆధారపడ్డ దేశాలకు అది అందని మాట.

ఒప్పందాల్లో ఏం మారాలి?

మార్పుకు పూర్వానుభవం లేకపోలేదు. 1953 లండన్ ఒప్పందంలో పశ్చిమ జర్మనీ విదేశీ అప్పులో దాదాపు సగం మాఫీ చేశారు. మిగిలిన వాయిదాలు ఆ దేశం కట్టగలిగే స్థితికి తగ్గట్టు నిర్ణయించారు. 2020 తర్వాత చెల్లింపులు ఆపిన జాంబియా, ఘనా, శ్రీలంకలకు అంత ఉదారమైన ఒప్పందం దక్కలేదు. 2021లో ఐఎంఎఫ్ 65,000 కోట్ల డాలర్ల విలువైన ప్రత్యేక నిధులు సభ్య దేశాలకు పంచినప్పుడు కూడా అవి ఆ సంస్థలో ఒక్కో దేశానికున్న వాటాల ప్రకారమే వెళ్లాయి కాబట్టి, మొత్తం ఆఫ్రికాకు దక్కింది సుమారు 3,300 కోట్ల డాలర్లు.

ప్రకృతి పరిరక్షణతో ముడిపెట్టిన అప్పుల మార్పిడి ఇంకొక ప్రయోగం. 2023లో ఈక్వెడార్ సుమారు 160 కోట్ల డాలర్ల పాత బాండ్లను చౌకగా తిరిగి కొని, వాటి స్థానంలో 65.6 కోట్ల డాలర్ల కొత్త అప్పు పెట్టుకుంది. మిగిలిన దాంట్లో కొంత గాలపాగోస్ సముద్ర ప్రాంత రక్షణకు వెళ్తుంది. మంచిదే గాని, మొత్తం అప్పులతో పోలిస్తే ఇవి చాలా చిన్నవి.

అప్పు పత్రంలోనే రిస్కును పంచుకునే నిబంధనలు ఎక్కువ ఆశాజనకంగా ఉన్నాయి. కరీబియన్ ద్వీప దేశం గ్రెనడా, తుపాను దెబ్బ తగిలితే వాయిదాలు వాయిదా వేసుకునే నిబంధనను తన బాండ్లలో రాయించుకుంది. 2024 జులైలో బెరిల్ తుపాను దెబ్బకొట్టాక దాన్ని ఉపయోగించి వాయిదాలను వెనక్కి జరిపింది. ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది, డిఫాల్టు ముద్రా పడలేదు. డబ్బు అవసరమైన నెలల్లోనే చేతిలో ఉంది.

జాంబియా 2024 ఒప్పందంలో మాత్రం ఈ సూత్రం ఒకవైపే పనిచేస్తుంది. ఆర్థిక పరిస్థితి అనుకున్నదానికంటే మెరుగైతే ఒక బాండు మీద బాండుదారులకు ఎక్కువగా, త్వరగా చెల్లించాలి. రాగి ధర పడిపోతే తక్కువ కట్టే వెసులుబాటు అందులో లేదు. శ్రీలంక 2024 డిసెంబరులో ఇచ్చిన కొత్త బాండ్లు కొంత నయం. 2025 నుంచి 2027 వరకు ఆ దేశ జీడీపీ ఎలా ఉందో చూసి, 2028లో చెల్లింపులను పైకి గాని కిందికి గాని సవరిస్తారు. ఆ సవరణ ఒక్కసారే. ఆ తర్వాత వచ్చే మాంద్యానికి గాని, డాలరు పెరుగుదలకు గాని అందులో చోటు లేదు.